వెండి నలుసు, హీలియం బొట్టు, లేజర్ పల్స్

అయాన్ల గుంపులో, అంటే ఎలక్ట్రాన్లు పోగొట్టుకుని ధనావేశంతో మిగిలిన పరమాణువుల మధ్య, వెండిని పోల్చుకోవడం చాలా సులువు. ప్రకృతిలో దొరికే వెండికి 107, 109 ద్రవ్యసంఖ్యలు గల రెండు ఐసోటోపులున్నాయి, అవి దాదాపు సగం సగం పాళ్లలో కలిసి ఉంటాయి కాబట్టి, అయాన్ల ప్రయాణ కాలాన్ని కొలిచే గొట్టం చివరి డిటెక్టరు పంపిన సంకేతం ఆసిల్లోస్కోపు తెర మీద పడినప్పుడు వెండి ఉన్న ప్రతిచోటా ఇంచుమించు ఒకే ఎత్తున్న రెండు శిఖరాలు కవలల్లాగా పక్కపక్కన నిలబడతాయి. ద్రవ్యసంఖ్యను ఆవేశంతో భాగిస్తే వచ్చే అంకె దగ్గర శిఖరం లేస్తుంది కాబట్టి, ఒక ఎలక్ట్రాను పోగొట్టుకున్న వెండి అయాన్లు 107, 109 దగ్గర కనబడితే, రెండు పోగొట్టుకున్నవి 53.5, 54.5 దగ్గర కనబడతాయి. పది పోగొట్టుకున్నవి 10.7, 10.9 దగ్గరికి వచ్చి చేరతాయి. ఆవేశం పెరిగేకొద్దీ కవలల మధ్య ఎడం తగ్గుతూ వచ్చి, చివరికి రెండూ కలిసి ఒకే మొద్దు శిఖరంగా మిగులుతాయి. కొన్నేళ్ల కిందట జర్మనీలో ఒక విశ్వవిద్యాలయపు నేలమాళిగలో, హీలియం బొట్లలో దాచిన వెండి నలుసుల మీద లేజర్ పల్స్‌లు (అతి పొట్టి కాంతి తునకలు) వేసి వచ్చే అయాన్లను చూసే పరిశోధక విద్యార్థిగా ఉన్నప్పుడు, ఒక రాత్రి ఆ 10.7 జంటను మొదటిసారి చూసి నేను చాలాసేపు నమ్మలేకపోయాను. ఎందుకంటే మేము వాడుతున్న లేజర్ తీవ్రత దగ్గర ఒంటరిగా ఉన్న వెండి పరమాణువు రెండో మూడో ఎలక్ట్రాన్లను మాత్రమే వదులుకోవాలి. పది ఎలా వదులుకున్నట్లు?

ఈ ప్రశ్నకు సమాధానం వెండిలో కొంత, వెండిని మోసుకొచ్చిన హీలియం బొట్టులో కొంత ఉన్నది. నాకు మొదటి సగం తొందరగానే అర్థమైంది. రెండో సగానికి ఏళ్లు పట్టింది. ఈ వ్యాసం ప్రధానంగా ఆ రెండో సగం కోసం రాస్తున్నాను.

ముందు బొట్టు సంగతి. అత్యంత శుద్ధమైన హీలియం వాయువును వాతావరణ పీడనానికి ఇరవై రెట్లో అంతకన్నా ఎక్కువో ఒత్తిడితో, పది కెల్విన్ల (అంటే పరమశూన్య ఉష్ణోగ్రతకు పది డిగ్రీల పైన) దాపుకు చల్లబరచిన నాజిల్ గుండా శూన్యంలోకి వదులుతారు. ఆ నాజిల్ రంధ్రం వెడల్పు ఐదు మైక్రోమీటర్లు, అంటే తలవెంట్రుక మందంలో పదో వంతు కూడా ఉండదు. శూన్యంలోకి దూసుకువచ్చిన హీలియం ఒక్కసారిగా వ్యాకోచించి, చల్లబడి, బొట్లుగా గడ్డకడుతుంది. గడ్డకట్టడమంటే ఘనీభవించడం కాదు. సాధారణ పీడనం దగ్గర హీలియం ఎంత చల్లబరచినా ఘనపదార్థం కాదు. బొట్టు ఉపరితలం నుంచి పరమాణువులు ఒక్కొక్కటిగా ఆవిరైపోతూ తమతోపాటు వేడిని తీసుకుపోతాయి. వేసవిలో కొత్త కుండలో నీళ్లు చల్లబడే పద్ధతి ఇదే, కాకపోతే ఇక్కడ కుండ లేదు, నీళ్లే తమను తాము చల్లబరచుకుంటాయి. క్షణంలో అతి చిన్న భాగం గడిచేసరికి బొట్టు ఉష్ణోగ్రత 0.38 కెల్విన్ల దగ్గర స్థిరపడుతుంది. ద్రవ హీలియం 2.17 కెల్విన్ల కిందికి దిగితే ఘర్షణ లేకుండా ప్రవహించే సూపర్‌ఫ్లూయిడ్ అవుతుందని 1938 నుంచి తెలుసు; కాబట్టి మన బొట్టు ఆ హద్దుకు చాలా దిగువన ఉన్నది. అంత చిన్న బొట్టుకు కూడా ఆ గుణం నిజంగా ఉంటుందా అన్న సందేహాన్ని 1998లో గోటింగెన్‌లో పీటర్ టోనీస్ బృందం తీర్చింది. ఒక కార్బొనిల్ సల్ఫైడ్ అణువు చుట్టూ సుమారు 60 హీలియం పరమాణువులు చేరేసరికి ఆ అణువు అడ్డమేమీ లేనట్లు స్వేచ్ఛగా తిరగడం మొదలుపెట్టిందని వాళ్లు వర్ణపటంలో చూపించారు.

ఇక్కడొక చిన్న పక్కదారి, నాది గుంటూరు కాబట్టి. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని చూడడానికి ఫ్రాన్సు నుంచి వచ్చిన జూల్ జాన్సెన్ తన పరికరాలను మా ఊళ్లోనే దించాడు. మద్రాసు నక్షత్రశాల నుంచి పాగ్సన్ మచిలీపట్నంలో మకాం వేశాడు. ఆ గ్రహణంలో సూర్యుడి అంచున లేచిన జ్వాలల వెలుగులో కనబడిన పసుపు గీత సోడియందేనని మొదట అనుకున్నా, అదే ఏడాది ఇంగ్లండులో లాకియర్ చేసిన పరిశీలనలతో అది సోడియం గీత కాదని తేలి, చివరకు కొత్త మూలకానికి హీలియమని పేరు వచ్చింది. భూమి మీద దాన్ని 1895లో రామ్సే పట్టుకున్నాడు, 1908లో లైడెన్‌లో కామర్లింగ్ ఓన్నెస్ ద్రవంగా మార్చాడు. జర్మనీలో హీలియం సిలిండరు మారుస్తున్నప్పుడల్లా నేను ఈ కథ ఎవరికో ఒకరికి చెప్పేవాణ్ణి. మా ప్రయోగశాలలో చివరికి అందరికీ గుంటూరు పేరు వచ్చేసింది.

బొట్టు తయారైన తరువాత వెండిని ఎక్కించాలి. బొట్ల వరుస సెకండుకు రెండు మూడు వందల మీటర్ల వేగంతో పోతూ ఒక చిన్న ఓవెన్ గుండా సాగుతుంది. అందులో కంసాలి మూస లాంటి చిన్న గిన్నెలో వెండి ముక్కను ఎర్రగా కాలుస్తారు. మూస నుంచి లేచిన పలచటి వెండి ఆవిరిలోని పరమాణువులు దారిన పోయే బొట్టును ఢీకొని లోపల చిక్కుకుంటాయి. ఒకటి చిక్కిన తరువాత మరొకటి. లోపల అవి ఒకదాన్నొకటి వెతుక్కుని అతుక్కుంటాయి. అలా కొన్ని పరమాణువుల నుంచి కొన్ని వేల పరమాణువుల దాకా కూడిన ముద్దనే క్లస్టర్ అంటారు. దీనికి బొట్టు చెల్లించే మూల్యం చిన్నది కాదు. ఒక వెండి పరమాణువు ముద్దకు అతుక్కున్నప్పుడు దాదాపు మూడు ఎలక్ట్రాన్ వోల్టుల (పరమాణువుల స్థాయిలో శక్తిని కొలిచే కొలమానం ఇది) శక్తి వేడిగా బయటపడుతుంది, ఒక హీలియం పరమాణువు ఆవిరి కావడానికి అందులో ఐదువేల వంతు చాలు. అంటే ప్రతి వెండి పరమాణువుకు ఐదు వేల హీలియం పరమాణువులు ఖర్చు. వంద వెండి పరమాణువుల క్లస్టర్ కావాలంటే ఐదు లక్షల హీలియం పరమాణువులను పోగొట్టుకోగల బొట్టుతో బయలుదేరాలి. పది లక్షల పరమాణువులున్న బొట్టు వ్యాసార్ధం సుమారు 22 నానోమీటర్లు. దాని నడుమ రెండు నానోమీటర్ల వెడల్పు కూడా లేని వెండి నలుసు ఉంటుంది. ఈ లెక్క తెలియక మొదటి నెలలో నేను నాజిల్‌ను వెచ్చగా ఉంచి చిన్న బొట్లు తయారుచేసుకుంటూ, వెండి ఎందుకు కనబడడం లేదని ఓవెన్‌ను ఇంకా ఇంకా కాల్చాను. బొట్లు వెండిని మోయలేక దారిలోనే పూర్తిగా ఆవిరైపోతున్నాయని చివరికి ఒక పాత విద్యార్థి చెబితే తెలిసింది.

నాజిల్ పెట్టే ఇబ్బంది వేరు. వాయువులో మిగిలిపోయిన రవ్వంత గాలి గానీ నీటి ఆవిరి గానీ ఆ చలికి గడ్డకట్టి ఐదు మైక్రోమీటర్ల రంధ్రానికి అడ్డం పడుతుంది. అప్పుడు చేసేదేమీ లేదు; మొత్తం గది ఉష్ణోగ్రతకు వచ్చేదాకా వేచి ఉండి, మళ్లీ చల్లబరచాలి. ఒక రాత్రి పోయినట్లే.

ఇక లేజర్. ఒక గ్రాము బరువును పది సెంటీమీటర్లు ఎత్తడానికి పట్టే శక్తి సుమారు ఒక మిల్లీజౌలు. మేము వాడిన ఒక్కో పల్స్‌లో అలాంటివి కొన్ని మిల్లీజౌళ్లు మాత్రమే ఉండేవి. అయితే ఆ కొద్దిపాటి శక్తిని వంద ఫెమ్టోసెకండ్లలోకి, అంటే కాంతి ముప్పై మైక్రోమీటర్ల దూరం నడిచే వ్యవధిలోకి కుక్కి, వెంట్రుక మందం గల చోటులో కేంద్రీకరిస్తే, చదరపు సెంటీమీటరుకు పది లక్షల కోట్ల వాట్లను దాటి, దానికి వంద రెట్ల దాకా పోవచ్చు. పది లక్షల కోట్ల వాట్లంటేనే మిట్టమధ్యాహ్నపు ఎండకు కోటి కోట్ల రెట్లు. పల్స్‌ను ముందు కాలంలో సాగదీసి, బలపరచి, తిరిగి నొక్కే ఉపాయాన్ని 1985లో డోనా స్ట్రిక్లండ్, జెరార్ మూరూ కనిపెట్టకపోతే ఇది ప్రతి విశ్వవిద్యాలయపు బల్ల మీదికీ వచ్చేది కాదు. దానికి 2018లో వాళ్లకు నోబెల్ బహుమతిలో భాగం దక్కింది.

మా కాంతి తరంగదైర్ఘ్యం 800 నానోమీటర్లు. ఒక్క ఫోటాను శక్తి 1.55 ఎలక్ట్రాన్ వోల్టులు. వెండి పరమాణువు నుంచి మొదటి ఎలక్ట్రానును లాగడానికి 7.6 ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి, అంటే ఐదు ఫోటాన్లు కలిసిరావాలి. హీలియంకు 24.6 కావాలి, అంటే పదహారు. ఎలక్ట్రాను పోకుండా పరమాణువు కట్టుకున్న గోడను కాంతి విద్యుత్ క్షేత్రం పూర్తిగా వంచేయడానికి వెండి విషయంలో చదరపు సెంటీమీటరుకు పది లక్షల కోట్ల వాట్లకు కొంచెం పైన సరిపోతే, హీలియంకు దానికి వంద రెట్లకు పైగా కావాలి. ఈ రెండు హద్దుల మధ్యనున్న విశాలమైన మేరలోనే మా ప్రయోగాలన్నీ జరిగేవి. ఆ మేరలో కాంతికి హీలియం గాజులాంటిది; తగిలేది లోపలున్న లోహానికే. అందుకే తొలిరోజుల్లో అందరమూ హీలియంను ఒక పారదర్శకమైన భరిణె అనుకున్నాము. లోహాన్ని చల్లగా మోసుకొచ్చి లేజర్ ముందు పెట్టడమే దాని పని అనుకున్నాము.

పల్స్ ముందంచు క్లస్టర్‌ను తాకగానే కొన్ని ఎలక్ట్రాన్లు తమ పరమాణువులను వదిలేస్తాయి. వాటిలో కొన్ని క్లస్టర్‌ను పూర్తిగా విడిచి పారిపోతాయి. పారిపోయిన కొద్దీ వెనక మిగిలిన ధనావేశం పెరిగి, తరువాతి వాటిని లోపలే పట్టి ఉంచుతుంది. కాబట్టి చాలా ఎలక్ట్రాన్లు పరమాణువుల నుంచి విడిపోయినా క్లస్టర్‌లో బందీలుగా మిగులుతాయి. ఇప్పుడు అక్కడున్నది లోహం కాదు, కొన్ని నానోమీటర్ల ప్లాస్మా, అంటే అయాన్లూ విడిపడిన ఎలక్ట్రాన్లూ కలిసిన ముద్ద. దీన్ని నానోప్లాస్మా అంటారు. క్లస్టర్ కన్నా కాంతి తరంగం వందల రెట్లు పొడవు కనుక, క్లస్టర్ అంతటా ఏ క్షణంలోనైనా విద్యుత్ క్షేత్రం ఒకే దిశలో, ఒకే బలంతో ఉంటుంది. దానితో బందీలైన ఎలక్ట్రాన్ల మబ్బు మొత్తం ఒకేసారి ఇటూ అటూ ఊగుతుంది. ఆ మబ్బుకు తనదైన సహజ పౌనఃపున్యం ఉన్నది. అది ఎలక్ట్రాన్ల సాంద్రత మీద ఆధారపడుతుంది, సాంద్రత వర్గమూలంతోపాటు పెరుగుతుంది. ఈ సామూహిక ఊగిసలాటనే ప్లాస్మాన్ అంటారు.

శ్రుతి కలపడం తెలిసినవారికి మిగతాది చెప్పకుండానే అర్థమవుతుంది. లేజర్ శ్రుతి స్థిరం; ఫోటాను శక్తితో కొలిస్తే అది 1.55 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గరే ఉంటుంది. క్లస్టర్ మాత్రం తంబురా తీగ లాంటిది, ఘనరూపంలో ఉన్నప్పుడు అతిగా బిగించి ఉంటుంది. చిన్న వెండి క్లస్టర్లు మామూలుగానే మూడున్నర, నాలుగు ఎలక్ట్రాన్ వోల్టుల మధ్య మోగుతాయి. మరిన్ని ఎలక్ట్రాన్లు విడిపడితే ఆ స్వరం ఇంకా పైకి పోతుంది. లేజర్ ఎంత గట్టిగా మోగినా శ్రుతి కలవని తీగ పెద్దగా స్పందించదు. అయితే ధనావేశాల వికర్షణ, వేడెక్కిన ఎలక్ట్రాన్ల ఒత్తిడి కలిసి అయాన్లను బయటికి తోస్తాయి, క్లస్టర్ ఉబ్బుతుంది, సాంద్రత పడిపోతుంది, తీగ సడలుతుంది. సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 520 కోట్ల కోట్లను ఒక లక్షతో హెచ్చవేసినన్ని ఎలక్ట్రాన్ల దగ్గరికి దిగినప్పుడు శ్రుతి కలుస్తుంది. వెండి పరమాణువుకు మూడేసి ఎలక్ట్రాన్లు విడిపడ్డాయనుకుంటే, ఆ స్థితికి రావడానికి క్లస్టర్ వ్యాసార్ధం మూడు రెట్లకు పైగా పెరగాలి. వెండి అయాన్లు బరువైనవి. అంత ఉబ్బడానికి కొన్ని వందల ఫెమ్టోసెకండ్ల నుంచి కొన్ని పికోసెకండ్ల (పికోసెకండంటే వెయ్యి ఫెమ్టోసెకండ్లు) దాకా పడుతుంది. సరిగ్గా ఆ వేళకు కాంతి ఇంకా ఉంటే, ఎలక్ట్రాన్ మబ్బు విపరీతంగా ఊగి శక్తిని పీల్చుకుంటుంది. మబ్బు ఊపు వల్ల క్లస్టర్ లోపలి క్షేత్రం లేజర్ క్షేత్రాన్ని మించిపోతుంది, ఢీకొనే ఎలక్ట్రాన్లు అయాన్లను ఇంకా ఇంకా ఒలిచేస్తాయి. నా 10.7 జంట పుట్టింది అక్కడే.

అందుకే ఈ రంగంలో పల్స్ ఎంత బలమైనదన్న దానికన్నా ఎప్పుడు వచ్చిందన్నదే ఎక్కువ తేల్చుతుంది. దీన్ని మొదట స్పష్టంగా చూపిన వాటిలో 1999లో రోస్టాక్ విశ్వవిద్యాలయంలో కార్ల్-హైంజ్ మైవెస్-బ్రోయర్ బృందం ప్లాటినం క్లస్టర్ల మీద చేసిన ప్రయోగం ఒకటి. వాళ్లు పల్స్‌లోని శక్తిని మార్చకుండా దాన్ని కాలంలో సాగదీశారు. సాగదీస్తే గరిష్ఠ తీవ్రత తగ్గుతుంది, కాబట్టి అయాన్ల ఆవేశం కూడా తగ్గాలని ఎవరైనా అనుకుంటారు. జరిగింది తద్విరుద్ధం. కొన్ని వందల ఫెమ్టోసెకండ్ల పొడవున్న బలహీనమైన పల్స్, చిన్నదీ పదునైనదీ అయిన పల్స్ కన్నా ఎక్కువ ఆవేశం గల అయాన్లను పుట్టించింది. ఆ ప్రయోగంలో హీలియం లేదు. తరువాత అదే ఊళ్లో హీలియం బొట్లలోని వెండి మీద ఒక పల్స్‌ను రెండుగా చీల్చి, మధ్య ఎడాన్ని మారుస్తూ పరీక్షించి 2005లో ఫలితాలు ప్రకటించారు. మొదటి పల్స్ క్లస్టర్‌ను ఉబ్బడానికి వదిలేస్తుంది, రెండోది శ్రుతి కలిసే వేళకు వచ్చి తగులుతుంది. ఎడాన్ని సరిగ్గా ఎంచుకుంటే అధికావేశ అయాన్లూ, వేగమైన ఎలక్ట్రాన్లూ రెండూ బాగా పెరిగాయి.

ఆ రకమైన ప్రయోగంలో నా వంతు తప్పు ఒకటుంది. రెండు పల్స్‌ల మధ్య ఎడాన్ని మార్చేది ఒక జత అద్దాలను ముందుకూ వెనక్కూ జరిపే చిన్న బండి. అది పదిహేను మైక్రోమీటర్లు జరిగితే వంద ఫెమ్టోసెకండ్లు మారుతుంది. సున్నా ఎక్కడన్నది నేను సరిగ్గానే కనుక్కున్నాను, దిశను మాత్రం తారుమారు చేశాను. బలహీనమైన పల్స్ ముందు వస్తోందనుకుంటున్న వైపు నిజానికి బలమైనది ముందు వస్తోంది. రెండు రోజుల పాటు నా గ్రాఫు ఎవరి లెక్కకూ సరిపోలేదు. నేను దానికి ఒక సిద్ధాంతం కూడా అల్లేశాను, హీలియం వల్ల ఇలా జరుగుతోందని. మా గురువుగారు కాగితాన్ని తలకిందులు చేయకుండా అద్దంలో చూసినట్లు ఎడమను కుడి చేసి పట్టుకుని, నావైపు చూసి ఏమీ అనకుండా వెళ్లిపోయారు. హీలియం మీద నేరం మోపడం అప్పటికి తేలిక. అది నిజంగా ఏం చేస్తోందో తెలుసుకోవడం అంత తేలిక కాదు.

ఎలక్ట్రాన్ల గురించి ఒక్క మాట చెప్పి అక్కడికి వస్తాను. శ్రుతి కలిసిన వేళ క్లస్టర్ లోపలి క్షేత్రం ఉధృతంగా ఊగుతున్నప్పుడు, ఒక ఎలక్ట్రాను సరైన క్షణంలో క్లస్టర్‌ను ఒక అంచు నుంచి మరో అంచుకు దాటితే, దాటినంత సేపూ క్షేత్రం దాన్ని ఒకే వైపు తోస్తుంది. అలాంటి ఎలక్ట్రాన్లు లేజర్ విద్యుత్ క్షేత్రం ఊగే దిశలోనే ఎక్కువగా బయటికి చిమ్ముతాయని వెండి క్లస్టర్ల మీద ప్రయోగమూ, కంప్యూటర్ లెక్కలూ కలిపి 2007లో టోమాస్ ఫెనెల్, ఆయన సహచరులు చూపించారు. పదేళ్ల తరువాత అదే రోస్టాక్ బృందం రెండు రంగుల లేజర్ క్షేత్రాన్ని వాడి, ఆ రెండు రంగుల అలల మధ్య సాపేక్ష దశను మార్చడంతో ఎలక్ట్రాన్లు ఎడమకు పోవాలా కుడికి పోవాలా అన్నది కూడా తమ చేతిలోకి తెచ్చుకున్నది. వ్యక్తిగతంగా నాకు ఈ రంగంలో అన్నిటికన్నా అందంగా తోచేది ఈ ఫలితమే, కానీ ఈనాటి సంగతి అది కాదు.

ఇప్పుడు నేను మన దగ్గరే ఒక డిగ్రీ కళాశాలలో పాఠం చెబుతున్నాను. కిందటి నెల ఈ విషయం చెబుతుంటే రెండో వరసలో కూర్చున్న అమ్మాయి, “హీలియం జడవాయువు కదా సార్, మరి బొట్టు ఉన్నా లేకపోయినా ఒకటే కదా?” అని అడిగింది. ఆ ప్రశ్న నేలమాళిగలో నేను మొదటి ఏడాది అడగవలసినది. జడత్వం రసాయన శాస్త్రపు మాట. హీలియం ఎవరితోనూ బంధం కట్టదన్నంత వరకే అది వర్తిస్తుంది. పక్కనే ఒక నానోప్లాస్మా రగులుకుంటే ఆ మాట నిలవదు. ఉబ్బుతున్న లోహపు ధనావేశం తన చుట్టూ ఉన్న తొలి వరుసల హీలియం మీద లేజర్‌తో కలిసి క్షేత్రాన్ని పెంచుతుంది. లోహం నుంచి బయటికి వచ్చిన ఎలక్ట్రాన్లు లేజర్ ఊపుకు శక్తి పుంజుకుని హీలియంను ఢీకొంటాయి. 24.6 ఎలక్ట్రాన్ వోల్టులు దాటిన ఏ దెబ్బకైనా హీలియం ఒక ఎలక్ట్రానును వదులుతుంది, అది మరొకదాన్ని ఢీకొంటుంది. లేజర్ ఒంటరిగా ముట్టించలేని హీలియంను లోహం ముట్టిస్తుంది. ఎండిన గడ్డివాములో దాచిన నిప్పురవ్వను ఊహించుకోవచ్చు, కాకపోతే ఈ గడ్డి క్షణం కిందట పరమశూన్య ఉష్ణోగ్రతకు అరకెల్విన్ కూడా ఎత్తులో లేదు.

ఈ ముట్టించడాన్ని అన్నిటికన్నా స్పష్టంగా లెక్కగట్టినవాళ్లు డ్రెస్డెన్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థలో మికాబెరిడ్జే, సాల్మాన్, రోస్ట్. వాళ్లు ఎంచుకున్నది వెండిని కాదు, మరో జడవాయువైన జెనాన్‌ను. హీలియం బొట్టు నడుమ జెనాన్ క్లస్టర్ ఉంటే, విడిగా ఉన్న క్లస్టర్ కన్నా అది ముందుగానూ ఎక్కువగానూ శక్తిని పీల్చుకుంటుందని వాళ్ల 2008 నాటి లెక్క. కారణం మన తంబురాలోనే ఉన్నది, కానీ ఇప్పుడు తీగలు రెండు. జెనాన్ ముట్టించిన హీలియం పొర కూడా ప్లాస్మాయే, దానికీ ఒక స్వరం ఉన్నది. హీలియం తేలికైనది, తొందరగా వ్యాకోచిస్తుంది, దాని తీగ ముందుగా సడలుతుంది. అందుకని ముందు హీలియం పొర లేజర్‌తో శ్రుతి కలుస్తుంది, ఆ తరువాత బరువైన నడిమి ముద్ద కలుస్తుంది. రెండు పల్స్‌ల ఎడాన్ని మారుస్తూ పోతే ఈ రెండు క్షణాలనూ విడివిడిగా పట్టుకోవచ్చునని కూడా చెప్పారు. మరుసటి ఏడాది ఇంకో చిత్రమైన సంగతి చెప్పారు: కొద్దిపాటి జెనాన్ పరమాణువులున్నా చాలు, అతి పొట్టి పల్స్‌లో హీలియం ప్లాస్మా లేజర్ క్షేత్రం ఊగే దిశలో పొగాకు చుట్ట ఆకారంలో సాగుతుంది, ఆ ఆకారం వల్లనే అయాన్లు కదలకముందే శ్రుతి కలిసిపోతుంది. అంటే సడలే దాకా ఆగనక్కరలేదు.

2011లో దీనికి ప్రయోగపు సాక్ష్యం వచ్చింది. సుమారు పది ఫెమ్టోసెకండ్ల పల్స్‌లతో హైడెల్‌బర్గ్‌లో చేసిన ఆ ప్రయోగంలో, శుద్ధమైన బొట్లు ఏమాత్రం చలించని తీవ్రత దగ్గర, లోపల కొద్ది జెనాన్ పరమాణువులు చేరగానే హీలియం అయాన్లు వెల్లువలా వచ్చాయి. రెండు ఎలక్ట్రాన్లూ పోగొట్టుకున్న హీలియం కూడా వచ్చింది. ఆ పత్రపు ప్రధాన రచయిత శివ రామ కృష్ణన్ తరువాత మద్రాసు ఐఐటీలో ఆచార్యుడయ్యాడు. మా విద్యార్థులకు ఈ రంగం జర్మనీలోనే ఉందనుకోవద్దని చెప్పడానికి నాకు పనికివచ్చే ఉదాహరణ అది.

లోహాల విషయానికి వస్తే చిక్కు ఇంకొంచెం పెరుగుతుంది, ఎందుకంటే ఇక్కడ హీలియం రెండు వ్యతిరేకమైన పనులు ఒకేసారి చేస్తుంది. ఒకవైపు అదనపు ఎలక్ట్రాన్లను ఇచ్చి, ముందుగా శ్రుతి కలిసి, శక్తిని లోపలికి చేరవేస్తుంది. మరోవైపు ఉబ్బుతున్న లోహానికి ఎదురుగా నిలబడి, ముఖ్యంగా మొదటి పల్స్ బలహీనమైనప్పుడు, అయాన్ల నడకను మందగింపజేస్తుంది. అంటే నడిమి తీగను సడలనివ్వదు. రెండో పల్స్ ఎప్పుడు రావాలన్నది ఈ రెంటిలో ఏది నెగ్గుతుందన్న దాని మీద ఆధారపడుతుంది, అది మళ్లీ బొట్టు పరిమాణం మీద, మొదటి పల్స్ బలం మీద ఆధారపడుతుంది. కాబట్టి క్లస్టర్ గురించి ఏ ఎడాన్ని కొలిచినా, అందులో ఎంత వెండిది, ఎంత హీలియందన్న ప్రశ్న వెంటనే వచ్చిపడుతుంది. నా పత్రాన్ని పరిశీలించిన అజ్ఞాత పండితుడు ఒకాయన ఈ ప్రశ్ననే మూడుసార్లు మూడు రకాలుగా అడిగాడు. అప్పుడు కోపం వచ్చింది. ఇప్పుడు చదివితే మూడుసార్లూ ఆయన అన్నదే సబబు.

పల్స్ రాకముందే హీలియం ఎంత జోక్యం చేసుకోగలదో మెగ్నీషియం చెబుతుంది. వెండి పరమాణువులు బొట్టులో కలుసుకోగానే ముద్దగా అతుక్కుంటే, మెగ్నీషియం పరమాణువులు అలా చేయవని రోస్టాక్ బృందం 2008లో తెలిపింది. ఒక్కొక్కదాని చుట్టూ హీలియం పేరుకున్న పొర చిన్న గోడలా అడ్డుపడి, వాటిని సుమారు ఒక నానోమీటరు ఎడంలో ఆపేస్తుంది. పక్కపక్కనే ఉంటాయి కానీ తాకవు; లోహానికి బదులు ఒక రకమైన నురగ. కొద్దిపాటి వెలుతురు తగిలితే ఆ పొందిక పికోసెకండ్లలో కూలిపోయి నిజమైన క్లస్టర్‌గా మారుతుంది, ఆ కూలడంలో పుట్టిన వేడితో ముందే రగిలి ఉంటుంది. కాబట్టి మెగ్నీషియం మీద ప్రయోగం చేసేవాడు, తన బలమైన పల్స్ తగిలే నాటికి లోపలున్నది నురగా, ముద్దా అని ముందు తేల్చుకోవాలి. తన లేజర్‌లో ప్రధాన పల్స్ కన్నా ముందు దొంగతనంగా వచ్చే బలహీనమైన వెలుగు ఎంత ఉందో కూడా కొలుచుకోవాలి.

చివరిగా, నా పాత నోటుపుస్తకంలో అతికించుకున్న ఒక ప్రింటు గురించి. లేజర్‌ను బాగా తగ్గించిన రోజు తీసినది. అధికావేశ అయాన్లు అందులో లేవు, 10.7 దగ్గర ఖాళీ. 107, 109 దగ్గర మామూలు వెండి కవలలు ఉన్నారు. వాటి కుడి పక్కన 111, 113, 115, 117 అంటూ రెండేసి అంకెల ఎడంతో దువ్వెన పళ్ల లాంటి శిఖరాల వరుస, ఎత్తు తగ్గుతూ కాగితం అంచుదాకా పోతుంది. మొదట నేను దాన్ని ఏదో మలినమనుకుని ఓవెన్‌ను విప్పి కడిగాను. మరునాడు మళ్లీ అదే వచ్చింది. హీలియం బరువు నాలుగు. ఒక హీలియం పరమాణువు వెండికి తగులుకుంటే 107 కాస్తా 111 అవుతుంది, 109 కాస్తా 113 అవుతుంది; రెండు తగులుకుంటే 115, 117. కవలల మధ్య ఎడం రెండు, హీలియం మెట్టు నాలుగు, అందుకే పళ్లు అంత సమంగా ఉన్నాయి. క్లస్టర్ చెదిరిపోయినా, బొట్టు మొత్తం మండిపోనంత బలహీనమైన పల్స్‌లో, బయటికి పోబోయిన వెండి అయాను హీలియం మధ్యనే వేగం కోల్పోయి ఆగిపోయి, తన ఆవేశంతో చుట్టూ ఉన్న హీలియం పరమాణువులను బిగించి లాక్కుంటుంది. ఆ బిగింపుకు హీలియం దాదాపు ఘనంలా గట్టిపడుతుంది కాబట్టి అలాంటి గుంపును ఈ రంగంలో మంచుబంతి అంటారు. ఎన్ని పళ్లు కనబడితే హీలియం అంతగా అయాన్లను పట్టి ఆపిందన్నమాట. రోస్టాక్ వాళ్లు ఇదే కొలతను బొట్టులో లోహం ఎంతసేపు చిక్కుబడి ఉంటుందో తెలుసుకునే పరికరంగా మార్చుకున్నారు కూడా. ఆ రోజు నేను పెన్సిలుతో ఒక్కో పంటికీ చుక్క పెట్టుకుంటూ లెక్కపెట్టాను. ముప్పై దాటిన తరువాత శిఖరాలు అడుగు గీతలో కలిసిపోయాయి, చుక్కలు మాత్రం ఇంకా కొంత దూరం పోయాయి.